ఆ అయిదు సెకన్లు

సూరత్‌లో తాపీ నది దాటి ఉత్తరపు గట్టుకు వెళ్తే, కతార్‌గామ్‌కు ఎదురుగా అమ్రోలి. పవర్‌లూమ్ షెడ్ల ఊరు. మగ్గాలు పన్నెండేసి గంటల చొప్పున రెండు షిఫ్టులు నడుస్తాయి. నడిపేవాళ్లలో చాలామంది గంజాం జిల్లా ఒడియాలు, అంటే మన ఇచ్ఛాపురం దాటగానే తగిలే జిల్లావాళ్లు. తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీ కుటుంబాలు నదికి ఇవతల లింబాయత్, ఉధ్నా వైపు స్థిరపడ్డాయి. సూరత్ నేసేది ప్రధానంగా సింథటిక్ గుడ్డ. గాలిలో తేమ తగ్గిన రోజున, పరుగెత్తే పాలిస్టర్ దారం దగ్గరికి వేలు పోనిస్తే టప్పున చిన్న రవ్వ ఎగిరి చురుక్కుమంటుంది. ఆ చురుకు వెనక ఉన్నది కొన్ని వేల వోల్టులు. ఇంట్లో ప్లగ్గులో ఉండే 230 వోల్టులు మనిషి ప్రాణం తీయగలవు. మగ్గం మీది ఈ వేల వోల్టులకు ఎవరూ పడిపోరు. ఆ రవ్వలో పారే విద్యుదావేశం అతి కొద్ది, అది నిలిచేది సెకనులో ఏ కోటోవంతో. అందుకే ఎన్ని వోల్టులో తెలిసినంత మాత్రాన షాక్ సంగతి తెలిసినట్టు కాదు. ఎంత కరెంటు, ఒంట్లో ఏ దారిన, ఎంతసేపు పారింది అన్నవి తెలిస్తేనే అది గుండెను ఏం చేస్తుందో చెప్పగలం.

ఆత్మరక్షణ పేరుతో అమ్మే స్టన్ గన్ల మీద మాత్రం కొట్టొచ్చినట్టు కనిపించేది వోల్టుల అంకె ఒక్కటే. టార్చిలైటు ఆకారంలో, మొన మీద రెండు లోహపు ముళ్లతో ఉండే ఆ వస్తువు మీద లక్షల్లో వోల్టులు అని రాసి ఉంటుంది. కొనేవాళ్లకు అది బలం లెక్క. గుండెలో పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్లకు, వాళ్ల ఇంట్లోవాళ్లకు అదే అంకె భయం లెక్క. ఇద్దరూ చూడవలసినచోట చూడటం లేదు. పోలీసుల కోసం తయారైన స్టన్ గన్ను పరీక్షించి వైద్యులు చెప్పిన భరోసా ఒకటి ఉంది, అది నిజమైనదే. ఒక నిర్దిష్టమైన ఆయుధానికి, ఒక నిర్దిష్టమైన వ్యవధికి, అంటే అయిదు సెకన్లకు కట్టుబడి చెప్పిన మాట అది. బజారులో దొరికే పేరూ ఊరూ లేని టార్చికి ఆ భరోసాను బదలాయించడానికి వీల్లేదు. ఆ బదలాయింపు ఎవరికీ తెలియకుండానే జరిగిపోతోంది.

ముందు గుండెలోని పరికరం చేసే పని చూడాలి. పేస్‌మేకర్‌ను సాధారణంగా ఎడమ కాలరెముక కింద, చర్మం లోపల చిన్న సంచిలా చేసి అమరుస్తారు. అక్కడి నుంచి లీడ్ అనే సన్నని తీగ రక్తనాళం గుండా గుండె గదిలోకి దిగుతుంది. పరికరం ఆ తీగ ద్వారా గుండె తనంతట తాను కొట్టుకుంటోందా అని ఎప్పుడూ వింటూ ఉంటుంది. కొట్టుకుంటే ఊరుకుంటుంది, లేకపోతే చిన్న విద్యుత్ తట్టు ఇస్తుంది. అది వినే సంకేతం కొన్ని మిల్లీవోల్టులే, అంటే వోల్టులో వెయ్యోవంతుల్లో. ఐసీడీ అనే డీఫిబ్రిలేటర్ ఇంకా సూక్ష్మంగా, ఒక మిల్లీవోల్టులో మూడోవంతు సంకేతాన్ని కూడా పట్టుకునేలా వింటుంది. గుండె కింది గదులు లయ తప్పి గిలగిలా కొట్టుకునే స్థితిని, దాన్నే ఫిబ్రిలేషన్ అంటారు, గుర్తుపట్టి లోపలి నుంచే 30 నుంచి 40 జౌళ్ల షాక్ ఇవ్వడం దాని బాధ్యత. ఇంత చిన్న సవ్వడిని వినగల చెవి పక్కన పెద్ద చప్పుడు చేస్తే ఏమవుతుందన్నదే ఇక్కడి ప్రశ్న. రెండు రకాల పొరపాట్లు జరగవచ్చు. బయటి కరెంటును గుండె చప్పుడని భ్రమపడి పేస్‌మేకర్ తన పని ఆపేయవచ్చు. పూర్తిగా దాని మీదే ఆధారపడ్డ మనిషికి అలా కొన్ని సెకన్లు ఆగినా కళ్లు తిరుగుతాయి. లేదా అదే కరెంటును ఫిబ్రిలేషన్ అనుకుని ఐసీడీ అక్కర్లేని షాక్ ఇవ్వవచ్చు. మూడో అవకాశం ఇంకొకటుంది. బయటి కరెంటు నేరుగానో లీడ్ దారినో గుండె కండరానికి చేరి దాన్ని తన లయకు లాక్కోవచ్చు.

ఇప్పుడు బయటి చప్పుడు సంగతి. ఎక్కువగా పరిశోధించిన ఆయుధం టేజర్ ఎక్స్26. పని చేసేది జాక్ కవర్ అనే అమెరికన్ భౌతికశాస్త్రవేత్త 1970లలో రూపొందించిన పద్ధతిలోనే. రెండు చిన్న బాణాలు తీగలతో సహా దూసుకెళ్లి మనిషికి గుచ్చుకుంటాయి. ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే అయిదు సెకన్ల పాటు, సెకనుకు సుమారు 19 తట్లు పడతాయి. ఒక్కో తట్టు సెకనులో పదివేలోవంతు. ప్రచారంలో ఉన్న 50,000 వోల్టులు గాలిలో రవ్వ దూకించడానికి. శరీరం మీద నిజంగా పడేది 1,200 వోల్టుల దాకా. సగటు కరెంటు రెండు మిల్లీఆంపియర్ల చిల్లర. ఒక్కో తట్టులోని శక్తి ఒక జౌల్‌లో పదోవంతు మించదు. ఆసుపత్రిలో గుండె ఆగినవాళ్లకు పైనుంచి ఇచ్చే షాక్ 150 నుంచి 360 జౌళ్లుంటుంది, పేస్‌మేకర్లు దాన్ని కూడా తట్టుకునేలా లోపల రక్షణ వలయాలతో తయారవుతాయి. ఈ లెక్కన టేజర్ దెబ్బకు పేస్‌మేకర్ కాలిపోతుందన్న భయానికి మొదటి చూపులోనే ఆధారం పలచబడుతుంది.

మొదటి చూపుతో సరిపెట్టుకోకుండా పరీక్షించి చూసినవాళ్లలో ముందు నిలిచిన పేరు తెలుగు పేరు. క్లీవ్‌ల్యాండ్ క్లినిక్‌లో పాట్రిక్ చో తదితరులతో కలిసి లక్కిరెడ్డి ధనుంజయ చేసిన అధ్యయనం 2007లో ‘యూరోపేస్’ వైద్య పత్రికలో వచ్చింది. స్టన్ గన్లు పేస్‌మేకర్లను, డీఫిబ్రిలేటర్లను పాడుచేస్తాయా అన్నదే దాని శీర్షికలోని ప్రశ్న. పంది శరీరంలో పరికరాలు అమర్చి, ఛాతీ మీద టేజర్ ఎక్స్26 ప్రయోగించి, ముందూ వెనకా అన్నీ కొలిచారు. మామూలు అయిదు సెకన్ల ప్రయోగం పరికరాల పనితీరును దెబ్బతీయలేదని తేలింది. ఆ తట్ల శబ్దాన్ని డీఫిబ్రిలేటర్లు ప్రమాదకరమైన లయగా పొరబడ్డాయి గానీ, అయిదు సెకన్లకే అది ఆగిపోవడంతో షాక్ దాకా పోలేదు. దీర్ఘకాలంలో ఏమవుతుందో ఈ పరీక్ష చెప్పదని పరిశోధకులే హద్దు గీశారు. ఇదే బృందం అంతకు ఏడాది ముందు, 2006లో, కొకైన్ ఎక్కించిన పందుల మీద చేసిన మరో పరీక్షలో కరెంటు దారి గుండెకు ఎంత దగ్గరైతే భద్రత ఎడం అంత తగ్గుతుందని చూపించింది. పరిశోధకులు తమ మాటకు ఎల్లలు ఎంత జాగ్రత్తగా గీసుకున్నారో గమనించాలి: ఈ ఆయుధం, ఇంత వ్యవధి, ఇంత కాలపు పరిశీలన. శాస్త్రం నమ్మదగినదయ్యేది ఇలాంటి హద్దుల వల్లే. మాట బయటికొచ్చి ‘పేస్‌మేకర్ ఉన్నా ఏం కాదట’ అని మారేసరికి ఆ హద్దులన్నీ రాలిపోతాయి.

మనుషుల్లో జరిగిన రెండు సంఘటనలు దీన్ని ఇంకా దగ్గరగా చూపిస్తాయి. మొదటిది 2006లో ‘హార్ట్ రిథమ్’ పత్రికలో నమోదైంది. ఐసీడీ ఉన్న ఒక మహిళ ఛాతీ మీద పోలీసులు టేజర్ ప్రయోగించారు. తర్వాత పరికరం జ్ఞాపకాన్ని చదివితే లోపల జరిగిందంతా బయటపడింది. సెకనుకు 19 తట్లంటే నిమిషానికి 1,140. మనిషి గుండె ఎంత లయ తప్పినా అంత వేగం ఉండదు. ఐసీడీకి మాత్రం అది ఫిబ్రిలేషన్‌లాగే వినిపిస్తుంది. వినగానే షాక్ ఇచ్చేయదు. ముందు కొన్ని తట్లు లెక్కబెట్టి నిర్ధారించుకుంటుంది. తర్వాత తన కెపాసిటర్‌ను నింపుకోవడం మొదలుపెడుతుంది. దానికీ కొన్ని సెకన్లు కావాలి. నిండాక, వదిలేముందు, ఆ లయ ఇంకా ఉందా అని మరోసారి వింటుంది. ఆమె విషయంలో నింపుకోవడం మొదలైంది. ఈలోగా టేజర్ ఆగిపోయింది. మళ్లీ వింటే మామూలు లయే వినబడింది. షాక్‌ను పరికరం రద్దు చేసుకుంది. ఆమెను కాపాడింది ఆ కొద్ది సెకన్ల తేడా. ట్రిగ్గర్ ఇంకోసారి నొక్కి ఉంటే, లేదా వేలు తీయకుండా పట్టుకుని ఉంటే, ఆరోగ్యంగా కొట్టుకుంటున్న గుండెకు లోపలి నుంచి 30 జౌళ్ల దెబ్బ పడే వీలుండేది.

రెండో సంఘటన 2007లో కాలిఫోర్నియా వైద్యులు ప్రచురించినది. రెండు గదుల పేస్‌మేకర్ ఉన్న ఒక వ్యక్తి మీద టేజర్ వాడారు. ఆయన పేస్‌మేకర్ రికార్డులో గుండె కింది గదులు అతి వేగంగా కొట్టుకున్న ఘట్టాలు దొరికాయి. వాటి సమయం టేజర్ వాడిన సమయంతో సరిపోయింది. కరెంటు ఉన్నంతసేపు గుండె దాని వెంట పరుగెత్తింది, ఆగగానే తన లయకు వచ్చేసింది. ఆయన బతికారు, పరికరమూ బాగానే ఉంది. కానీ స్టన్ గన్ కరెంటు ఛాతీ కండరాలకే పరిమితం, గుండెను తాకదు అన్న వాదనకు ఇది గట్టి ఎదురుదెబ్బ. గుండె ఏం చేసిందో బయటి నుంచి ఊహించకుండా గుండె లోపలి తీగే రాసిపెట్టిన సాక్ష్యమిది. ఇలాంటి సాక్ష్యం ఇంప్లాంట్లు ఉన్నవాళ్ల శరీరాల్లో తప్ప మరెక్కడా దొరకదు.

అయిదు సెకన్ల భరోసా ఎక్కడ తెగుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. ప్రయోగశాలలో అయిదు సెకన్లంటే అయిదే. వీధిలో అలా ఉండదు. 2007 అక్టోబరులో కెనడాలోని వాంకూవర్ విమానాశ్రయంలో, భాష రాక, గంటల తరబడి దారి దొరక్క కలవరపడిన పోలండ్ వలసదారు రాబర్ట్ జెకాన్‌స్కీ మీద పోలీసులు టేజర్‌ను అయిదుసార్లు ప్రయోగించారు. ఆయన అక్కడే ప్రాణం విడిచారు. ఆయనకు గుండెలో పరికరమేదీ లేదు. భయపడ్డ మనిషి కదులుతాడు, కదిలితే మళ్లీ ట్రిగ్గర్ నొక్కుతారు. ఆ రెండో నొక్కు, మూడో నొక్కు అధ్యయనం గీసిన గీత దాటిపోతాయి. 2009లో టేజర్ తయారీ కంపెనీయే వీలైనంతవరకు ఛాతీకి గురిపెట్టొద్దని తన శిక్షణ సూచనల్లో చేర్చింది. 2011లో అమెరికా నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జస్టిస్ నివేదిక, ఆరోగ్యవంతులైన పెద్దల్లో తీవ్ర ప్రమాదం ఎక్కువని చెప్పడానికి నిర్ధారణగా వైద్య ఆధారం లేదంటూనే, గుండె జబ్బులున్నవాళ్లు, వృద్ధులు, చిన్నపిల్లలు, గర్భిణుల విషయంలో ఆ భరోసా అలాగే వర్తించకపోవచ్చని వేరుచేసి చెప్పింది.

ఇక్కడ నిపుణుల్లోనే రెండు పక్షాలున్నాయన్నది దాచకూడదు. ఇండియానా విశ్వవిద్యాలయపు గుండె నిపుణుడు డగ్లస్ జైప్స్ 2012లో ‘సర్క్యులేషన్’ పత్రికలో, టేజర్ తర్వాత గుండె ఆగిన ఎనిమిది కేసులను విశ్లేషించి, ఛాతీ మీద షాక్ గుండెను ఆపగలదని రాశారు. అప్పట్లో టేజర్ కంపెనీ డైరెక్టర్ల బోర్డులో ఉన్న శాస్త్రవేత్త మార్క్ క్రోల్ వర్గం దాన్ని ఖండించింది. లక్షల ప్రయోగాల్లో మరణాలు చాలా అరుదనీ, వాటికి మత్తుపదార్థాల్లాంటి ఇతర కారణాలున్నాయనీ వారి వాదన. జైప్స్ బాధితుల పక్షాన కోర్టుల్లో నిపుణుడిగా సాక్ష్యమిచ్చినవారు. క్రోల్‌కు కంపెనీతో బంధం ఉండేది. ఇద్దరి మాటనూ ఆ ఎరుకతోనే వినాలి. అరుదు అన్నమాట నిజమని నేనూ నమ్ముతాను. కానీ సగటు మనిషి లెక్కలో అరుదైనది, గుండెలో తీగ ఉన్న మనిషి విషయంలో ఎంత అరుదో ఆ లక్షల ప్రయోగాలు చెప్పవు, ఎందుకంటే వాటిలో పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఎందరో ఎవరూ విడిగా లెక్కించలేదు. ఆ ఖాళీని నింపడానికి ఉన్నవి జంతువుల మీది పరీక్షలు, చేతివేళ్ల మీద లెక్కపెట్టగల మానవ కేసులు.

ఇంతవరకూ మాట్లాడింది కొలతలు తెలిసిన ఆయుధం గురించి. మన బజారు టార్చి సంగతి వేరు. దాని మీది వోల్టుల అంకెను ఇంట్లో కూర్చునే సరిచూడవచ్చు. మామూలు గాలిలో ఒక సెంటీమీటరు ఎడం దాటి రవ్వ దూకాలంటే సుమారు 30,000 వోల్టులు కావాలి. మొనలు సూదిగా ఉంటే అంతకంటే తక్కువే సరిపోతుంది. టార్చి మొన మీద ముళ్ల మధ్య ఎడం రెండు మూడు సెంటీమీటర్లు. అంటే వోల్టేజీ 60,000కో 90,000కో చేరేలోగానే రవ్వ దూకేస్తుంది. అంతకు మించి పెరగడానికి గాలి ఒప్పుకోదు. పది లక్షలని, ఇరవై లక్షలని రాసింది భౌతికశాస్త్రం దృష్టిలో అసాధ్యం. రాసిన ఒక్క అంకే అబద్ధమైతే, రాయని అంకెలను, అంటే తట్టుకు ఎంత విద్యుదావేశం, సెకనుకు ఎన్ని తట్లు, బటన్ నొక్కి ఉంచితే తనంతట తాను ఆగుతుందా లేదా, వీటిని ఏ ధైర్యంతో నమ్మాలి? చాలా టార్చీలు బటన్ నొక్కినంతసేపు పనిచేస్తూనే ఉంటాయి. అయిదు సెకన్లకు ఆపే గడియారం వాటికి లేదు. గుండె పరికరం ఉన్న మనిషికి కావలసిన ముఖ్యమైన రక్షణ ఆ గడియారమే.

మన యువతరం మంచి మనసుతో చేసిన ఆవిష్కరణల్లో కూడా ఇదే లోటు కనిపిస్తుంది. నిర్భయ ఘటన తర్వాత, 2013లో చెన్నై ఎస్‌ఆర్‌ఎం విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ విద్యార్థులు దాడి చేసినవాడికి షాక్ కొట్టే లోదుస్తును రూపొందించారు. 3,800 కిలోవోల్టుల షాక్ అని వార్తల్లో వచ్చింది. పైన చెప్పిన లెక్క ప్రకారం ఆ వోల్టేజీకి రవ్వ మీటరు దాటి దూకాలి. 2017లో హైదరాబాద్‌కు చెందిన ఒక కుర్రాడు షాక్ కొట్టే బూటు తయారుచేశాడు. దుండగుడికి 0.1 ఆంపియర్ల కరెంటు తగులుతుందని పత్రికలు మెచ్చుకుంటూ రాశాయి. 0.1 ఆంపియర్లంటే 100 మిల్లీఆంపియర్లు. ఇంటి కరెంటు అంత మోతాదులో ఛాతీ గుండా ఒకటి రెండు సెకన్లు పారితే ఆరోగ్యవంతుడి గుండె కూడా ఫిబ్రిలేషన్‌లోకి పోగలదు. ఆ బూటులో కరెంటు ఏ రూపంలో, ఎంతసేపు వస్తుందో వార్తలు రాయలేదు. కాబట్టి అది ప్రాణాంతకమని నేననడం లేదు. ఆ వార్త చదివిన ఎవరికీ అది ప్రాణాంతకమో కాదో తేల్చుకునే వీలు లేకపోయిందని మాత్రం అంటున్నాను. ఆ పిల్లల తపన గౌరవించదగ్గది. దాన్ని కొలిచి చూసే బాధ్యత పెద్దవాళ్లది, సంస్థలది.

ఈ వాదనకు మొదటి అభ్యంతరం ఆడవాళ్ల వైపు నుంచి వస్తుంది, అది అన్నిటికన్నా బరువైనది. రాత్రివేళ ఒంటరిగా ఇంటికి నడిచే అమ్మాయి, ఎదుటివాడి గుండెలో ఏముందో చూసుకుని తనను కాపాడుకోవాలా? 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక యువతిపై జరిగిన ఘోరం తర్వాత ఈ ప్రశ్నను తేలిగ్గా తోసేసే హక్కు ఎవరికీ లేదు. 2016లో అమెరికా సుప్రీంకోర్టు కేటానో కేసులో, హింసించే మాజీ సహచరుడి నుంచి రక్షణకు స్టన్ గన్ దగ్గర పెట్టుకున్న మహిళను దోషిగా నిలబెట్టిన రాష్ట్ర కోర్టు తీర్పును కొట్టేసింది. ఆమె అవసరం నిజమైనది. నా జవాబు: దాడి చేసినవాడి గుండె గురించి ఆ క్షణంలో ఆమె ఆలోచించనక్కర్లేదు. ఆలోచించవలసింది ఆ వస్తువును తయారుచేసి అమ్మేవాళ్లు, అమ్మనిచ్చేవాళ్లు. పైగా ఈ టార్చి ఆనించి వాడవలసినది. దుండగుడు చేయి అందేంత దగ్గరికి వచ్చాకే పనికొస్తుంది, అంత దగ్గరగా వచ్చినవాడు దాన్ని లాక్కోనూ గలడు. పెనుగులాటలో ముళ్లు ఎవరి ఛాతీకి తగులుతాయో చెప్పలేం. 2019 డిసెంబరులో హైదరాబాద్ మెట్రో మహిళలకు పెప్పర్ స్ప్రే వెంట తెచ్చుకునే వీలు కల్పించింది. దానికీ లోపాలున్నాయి, ఉబ్బసం ఉన్నవాళ్లకు అది కష్టమే. అయినా దూరం నుంచి పనిచేస్తుంది, పేస్‌మేకర్‌తో దానికి పేచీ లేదు. గుజరాత్‌లో అమ్రోలి వీధి నుంచైనా 181 అభయం మహిళా హెల్ప్‌లైన్ నంబరుకు ఫోను చేయవచ్చు. కూతురి చేతిలో ఏదో ఒకటి పెట్టాలనుకునే తల్లిదండ్రులకు, పరీక్షకు నిలవని టార్చి కన్నా ఇవి మేలని చెప్పడానికి నాకు సంకోచం లేదు.

రెండో అభ్యంతరం: పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఎంతమంది, వాళ్ల మీద ఎవరు స్టన్ గన్ వాడతారు? ఇది పాతకాలపు ఊహ. ఒకప్పుడు పేస్‌మేకర్ డబ్బున్నవాళ్ల వైద్యం. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక అది తెల్లకార్డు ఇళ్లకూ చేరింది. గుజరాత్‌లో 2012లో వచ్చిన ముఖ్యమంత్రి అమృతం పథకం పేదలకు పెద్ద వైద్యాన్ని అందుబాటులోకి తెచ్చింది. మగ్గం నడిపే మనిషి ఛాతీలో, కూరగాయలమ్మే పెద్దావిడ ఛాతీలో ఇవాళ పేస్‌మేకర్ ఉండవచ్చు. చొక్కా మీద నుంచి అది కనిపించదు. ఇక ఎవరి మీద వాడతారంటే, గుంపులో తోపులాట జరిగినప్పుడు అడ్డుపడ్డ వాళ్ల మీద, మతిస్థిమితం తప్పి కేకలేస్తున్నవాళ్ల మీద, ఒంటరి వృద్ధులను దోచుకునే దొంగ చేతిలో ఉంటే ఆ వృద్ధుల మీద. ఈ చివరిది ఊహించడానికే బాధగా ఉంటుంది. కానీ లైసెన్సు అడగకుండా ఎవరికైనా ఇంటికి పార్సిల్ వచ్చే వస్తువు మంచివాళ్ల చేతికే చేరుతుందని అనుకోలేం.

పోలీసుల మాట వేరు. తుపాకీ గుండు కన్నా, తల పగలగొట్టే లాఠీ కన్నా స్టన్ గన్ మేలు కదా అన్న వాదనను నేను ఒప్పుకుంటాను. గుండుతో పోలిస్తే సందేహమే లేదు. అయితే ఆ మేలు కొన్ని షరతుల మీద నిలబడింది. పోలీసుల టేజర్ ప్రతి నొక్కునూ సమయంతో సహా తనలో రాసుకుంటుంది. ఎన్నిసార్లు, ఎన్ని సెకన్లు అన్నదానికి ఆ తర్వాత లెక్క చెప్పవలసి ఉంటుంది. చైనాతో గాల్వాన్ ఘర్షణ తర్వాత 2021లో నోయిడాకు చెందిన అపాస్టెరాన్ అనే సంస్థ మన బలగాల కోసం వజ్ర, త్రిశూల్ పేర్లతో కరెంటు షాక్ ఆయుధాలు చూపించింది. ఇలాంటివి సరిహద్దు నుంచి పోలీసు స్టేషన్‌కు రావడానికి ఎంతో కాలం పట్టదు. వచ్చిన రోజున ఆ లెక్కపుస్తకం, ఛాతీని తప్పించే శిక్షణ, షాక్ తర్వాత తప్పనిసరి వైద్య పరీక్ష కూడా వాటితోపాటే రావాలి. స్టన్ గన్ అవుట్‌పుట్‌ను ఎలా కొలవాలో చెప్పే అంతర్జాతీయ పద్ధతి ఐఈసీ 62792 పేరుతో 2015 నుంచీ ఉంది. కొలిచే పద్ధతి ఉండగా కొలవని వస్తువును అమ్మనివ్వడం సమర్థించలేని పని. బ్రిటన్‌లో సామాన్యులు స్టన్ గన్ దగ్గర ఉంచుకోవడమే నేరం. అంత దూరం పోనక్కర్లేదంటారా, కనీసం తట్టుకు ఎంత ఆవేశమో, సెకనుకు ఎన్ని తట్లో, ఎన్ని సెకన్లకు ఆగుతుందో, పేస్‌మేకర్ ఉన్నవాళ్ల ఛాతీకి ఆనించవద్దన్న హెచ్చరికనూ తెలుగులో, గుజరాతీలో, హిందీలో ముద్రించని సరుకును అమ్మకానికి పెట్టనివ్వకూడదు.

ఇంత చెప్పాక, ఇంప్లాంటు ఉన్నవాళ్ల మనసులో కొత్త భయం నాటానేమోనన్న బెంగ నాకూ ఉంది. భయపడవద్దు. పేస్‌మేకర్ పెట్టించుకున్నాక మగ్గం పని మానేయాలా అన్నది సూరత్‌లోనైనా సిరిసిల్లలోనైనా ఎదురయ్యే ప్రశ్న. మగ్గాన్ని తిప్పే చిన్న మోటారు నుంచి చాచిన చేయంత దూరం ఉంటే చాలావరకు ఇబ్బంది రాదు. పాలిస్టర్ దారం చురుకులతోనూ భయం లేదు. సెల్‌ఫోన్‌ను పరికరానికి 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచడం, అంటే చొక్కా ఎడమ జేబులో పెట్టుకోకపోవడం చాలు. ఆర్క్ వెల్డింగ్ మాత్రం వైద్యుణ్ణి అడిగే చేయాలి. నిజంగా జాగ్రత్త పడవలసింది ఎర్తింగ్ లేని మిషన్ల విషయంలో. సరిగా ఎర్త్ చేయని వాషింగ్ మిషన్, గీజర్ లాంటివాటి నుంచి ఒంట్లోకి కాస్త కరెంటు లీకై, మనిషికి పెద్దగా తెలియకపోయినా ఐసీడీ మాత్రం దాన్ని ప్రమాదకర లయగా విని షాక్ ఇచ్చిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. తీగలు వేలాడే, నేల తడిసిన షెడ్డులో ఆ లీకేజీ రోజూ ఉండగలదు. యజమాని చేత ఎర్తింగ్ చూపించి, లీకేజీ రాగానే కట్ చేసే బ్రేకర్ పెట్టించడం ఆ షెడ్డులో పనిచేసే అందరికీ అవసరం.

ఐసీడీ ఉన్నవాళ్లు డాక్టరుతో ఒక్క మాట మాట్లాడితే మంచిది. షాక్ ఇచ్చేముందు పరికరం ఎంతసేపు వేచి చూడాలో సెట్టింగుల్లో మార్చవచ్చు. 2012లో వచ్చిన మాడిట్-ఆర్ఐటీ అనే పెద్ద అధ్యయనం, ఆ వేచి ఉండే కాలాన్ని పెంచితే పరికరం అక్కర్లేకుండా ఇచ్చే చికిత్సలు బాగా తగ్గాయని చూపించింది. ఎవరికి ఎంత అన్నది రోగి గుండె స్థితిని బట్టి వైద్యుడే తేల్చాలి. ఆసుపత్రి ఇచ్చిన పరికరం కార్డును, కంపెనీ పేరు, మోడల్ నంబరు ఉన్నదాన్ని, ఆధార్ కార్డుతోపాటు జేబులోనే ఉంచుకోవాలి. ఎప్పుడైనా స్టన్ గన్ దెబ్బ తగిలితే, అది ఎవరు కొట్టినా, ఏమీ కాలేదనిపించినా, పేస్‌మేకర్ చెకప్ చేసేచోటికి వెళ్లి ప్రోగ్రామర్‌తో పరికరాన్ని చదివించుకోవాలి. కళ్లు తిరిగినా, ఛాతీలో లోపలి నుంచి ఎవరో తన్నినట్టు అనిపించినా అదే రోజు, అదీ రాత్రయినా సరే, ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఎన్ని గంటలకు, ఛాతీకి ఏ వైపున, ఎన్నిసార్లు తగిలిందో ఒక కాగితం మీద రాసుకుని వెళ్తే వైద్యులు దాన్ని పరికరం రికార్డుతో సరిపోల్చగలరు. పరికరం జ్ఞాపకం పరిమితమైనది. ఆలస్యమైతే కొత్త రికార్డులు పాతవాటిని తుడిచేసే ప్రమాదముంది.